ప్రాబబిలిటీ కోర్సు చదివేదెలా: లెక్క మొదలుపెట్టే ముందు రాయాల్సిన నాలుగు వాక్యాలు

విజయనగరం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. మా పిల్లలకు ప్రాబబిలిటీ మొదటి సంవత్సరంలోనే వస్తుంది. బీటెక్ పిల్లలకు ఎక్కువగా రెండో సంవత్సరంలో ఉంటుంది, వాళ్లు కూడా సాయంత్రాలు ఇంటికి వచ్చి డౌట్లు అడుగుతుంటారు. లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు సైతం ఈ పేపరు దగ్గర తడబడతారు. ఫార్ములాలు రాక కాదు. ఎంపీసీ వాళ్లు ఇంటర్ రెండో ఏడాది లెక్కల పేపరు 2ఏలోనే సంయోగాలు, బేయ్స్ థీరమ్, బైనామియల్, పాయిజాన్ అన్నీ చూసి వస్తారు. ప్రశ్న కనపడగానే ఏ ఫార్ములా వెయ్యాలా అని వెతకడం అప్పుడు అలవాటైంది, ఎంట్రన్స్ పరీక్షకు అది పనికొచ్చింది కూడా. ఈ కోర్సులో మాత్రం సగం పని ఫార్ములాకు ముందే అయిపోవాలి. ఏం జరుగుతోంది, అందులో నాకు ముందే తెలిసింది ఏది, తెలియనిది ఏది అన్నది మామూలు మాటల్లో రాయగలిగితే తర్వాతి లెక్క చాలావరకు గుణకారం, కూడికే. కింద చెప్పేదంతా ఆ అలవాటు ఎలా చేసుకోవాలన్నదే.

మొదటి రెండు వారాల్లో

క్లాసులో శాంపిల్ స్పేస్ (జరగగల ఫలితాలన్నిటి జాబితా), ఘటనలు (వాటిలో మనం చూసేవి) అంటూ పాఠం తేలిగ్గా నడుస్తున్నప్పుడే పాత లెక్కలు ఒకసారి సరిచూసుకోండి. తర్వాత ఆ తీరిక దొరకదు. సమితుల సమ్మేళనం, ఛేదనం, పూరకం, ప్రస్తారాలకూ సంయోగాలకూ తేడా, గుణశ్రేఢి మొత్తం, చివరగా ఇంటిగ్రేషన్. "మేడం, ప్రాబబిలిటీ అర్థం కావట్లేదు" అని సెమిస్టర్ మధ్యలో వచ్చే పిల్లల నోటుబుక్కు తెరిచి చూస్తే చాలాసార్లు ప్రాబబిలిటీ సరిగ్గానే ఉంటుంది, ఇంటిగ్రేషన్ బై పార్ట్స్ దగ్గర పెన్ను ఆగిపోయి ఉంటుంది. ఎక్స్‌పొనెన్షియల్ డిస్ట్రిబ్యూషన్‌కు (డిస్ట్రిబ్యూషన్ అంటే ఏ విలువకు ఎంత అవకాశమో చెప్పే పట్టిక లేదా సూత్రం) సగటు కట్టాలంటే అదే కావాలి. ఇంటర్‌లో లెక్కలు లేనివాళ్లు సీనియర్ల దగ్గర 2ఏ, 2బీ పుస్తకాలు అడిగి తెచ్చుకోండి. మొదటిదాంట్లో సంయోగాలు, సంభావ్యత, రెండోదాంట్లో సమాకలనం. ఆ మూడు అధ్యాయాల్లో సాధించిన ఉదాహరణలు చేస్తే సరిపోతుంది, అభ్యాసాలన్నీ చేయక్కర్లేదు.

పేక గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంట్లో పేక ముక్క కంటపడనివ్వని కుటుంబాల నుంచి వచ్చే ఆడపిల్లలు నా క్లాసులో చాలామంది. ప్రశ్నపత్రం మాత్రం అందరికీ పేక తెలుసనే అనుకుంటుంది. ఇది అన్యాయమే, కానీ ఐదు నిమిషాల్లో తీరిపోయే అన్యాయం. మొత్తం 52 ముక్కలు. ఇస్పేటు, కళావరు నల్లవి. ఆటీను, డైమను ఎర్రవి. ఒక్కొక్కదాంట్లో 13 ముక్కలు: ఆసు, 2 నుంచి 10 వరకు అంకెలు, జాకీ, రాణి, రాజు. బొమ్మ ముక్కలంటే జాకీ, రాణి, రాజు మాత్రమే, అంటే మొత్తం 12. ఆసును బొమ్మ ముక్కగా లెక్కపెట్టకండి. ఇంతకు మించి పేక గురించి ఈ కోర్సులో ఏమీ అక్కర్లేదు.

నాలుగు వాక్యాలు

ప్రతి ప్రశ్నకూ ముందు ఈ నాలుగూ రాయండి. ఒకటి, ఇక్కడ జరుగుతున్న పని ఏమిటి. రెండు, ఏమేం జరగొచ్చు, వాటన్నిటికీ సమాన అవకాశం ఉందా. మూడు, నాకు ముందే చెప్పిన సమాచారం ఏది. నాలుగు, అడిగింది ఏది. తెలుగులో రాసుకున్నా పర్వాలేదు, ఇది మీ కోసం.

ఒక పెట్టెలో 5 ఎర్ర బంతులు, 3 నీలం బంతులు ఉన్నాయి. ఒకటి తీసి తిరిగి పెట్టకుండా ఇంకొకటి తీస్తారు. రెండో బంతి ఎర్రది కావడానికి అవకాశం ఎంత? క్లాసులో అడిగితే సగం మంది "మొదటిది ఏ రంగో చెప్పందే ఎలా?" అంటారు, మిగతావాళ్లు 4/7 అంటారు. ఇప్పుడు మూడో వాక్యం రాయండి: "మొదటి బంతి రంగు నాకు చెప్పలేదు." చెప్పలేదు కాబట్టి రెండు దారులూ లెక్కలోకి రావాలి. మొదట ఎర్రది వచ్చి తర్వాత ఎర్రది రావడం 5/8 × 4/7, మొదట నీలం వచ్చి తర్వాత ఎర్రది రావడం 3/8 × 5/7. కూడితే 35/56, అంటే 5/8. మొదటి బంతికి ఎంత అవకాశమో రెండోదానికీ అంతే! మీకు ఏమీ చెప్పనంతవరకు మొదటి బంతి, రెండో బంతి మధ్య మీ దృష్టిలో తేడా లేదు. అదే మొదటిది ఎర్రదని చెబితే జవాబు 4/7కు మారిపోతుంది. పెట్టె మారలేదు, బంతులు మారలేదు. మారింది మీకు తెలిసిన సమాచారం. ఈ ఒక్క లెక్క నిజంగా అర్థమైతే కండిషనల్ ప్రాబబిలిటీ, అంటే ఒక సమాచారం తెలిశాక ఉండే అవకాశం, సగం వచ్చినట్టే.

రెండో వాక్యాన్ని దాటవేసేవాళ్లే ఎక్కువ. ఒక నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒకసారి బొమ్మ పడే అవకాశం ఎంత? ఫ్రాన్స్‌లో దాలంబేర్ అనే పెద్ద గణితవేత్త 1754లో దీనికి 2/3 అని రాశాడు. ఆయన వాదన ఇది: మొదటిసారే బొమ్మ పడితే ఆట ముగిసింది, లేకపోతే బొరుసు తర్వాత బొమ్మ, లేదా రెండూ బొరుసులే. మూడు ఫలితాల్లో రెండు మనకు అనుకూలం. ఫలితాల జాబితాలో తప్పు లేదు. ఆ మూడింటికీ సమాన అవకాశం ఉందనుకోవడమే తప్పు. మొదటిసారే బొమ్మ పడటానికి అవకాశం సగం, మిగతా రెండింటికీ చెరో పావు. కాబట్టి జవాబు 3/4. నేను ఈ కథ ప్రతి బ్యాచ్‌కూ చెబుతాను. అంత పెద్దాయన కూడా పడిన చోట మనం మరింత జాగ్రత్తగా ఉండాలి కదా.

ప్రశ్నపత్రం ఇంగ్లిషులో వస్తుంది కాబట్టి కొన్ని మాటలు కనిపించగానే వాటి కింద గీత గీయండి: ఎట్ లీస్ట్, ఎట్ మోస్ట్, ఎగ్జాక్ట్‌లీ, వితౌట్ రీప్లేస్‌మెంట్, గివెన్ దట్. 'ఎట్ లీస్ట్ వన్' కనిపిస్తే పూరకం వైపు నుంచి వెళ్లడం మంచిది. అంటే ఒక్కసారి కూడా జరగకపోవడాన్ని లెక్కకట్టి 1 నుంచి తీసేయాలి. ఈ సబ్జెక్టు పుట్టిన చోటే దీనికి ఉదాహరణ ఉంది. 17వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో షెవాలియే ద మెరే అనే జూదం తెలిసిన పెద్దమనిషి గణితవేత్త పాస్కల్ ముందు ఒక చిక్కు పెట్టాడు. ఒక పాచికను 4 సార్లు వేస్తే కనీసం ఒక ఆరు పడుతుందని పందెం కాస్తే లాభం. మరి రెండు పాచికలను కలిపి 24 సార్లు వేస్తే కనీసం ఒకసారి రెండూ ఆరు పడతాయని కాస్తే? 6కు 4 ఎంతో 36కు 24 అంతే కాబట్టి లాభం అంతే ఉండాలని అనిపిస్తుంది. లెక్క వేయండి. మొదటిది 1 − (5/6)⁴, అంటే 0.5177. రెండోది 1 − (35/36)²⁴, అంటే 0.4914. ఒకటి సగానికి పైన, ఒకటి సగానికి కింద. 1654లో పాస్కల్, మరో గణితవేత్త ఫెర్మాల మధ్య ఇలాంటి జూదం లెక్కల మీద నడిచిన ఉత్తరాలతోనే ఈ శాస్త్రం మొదలైందని చెబుతారు. కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని ఈ రెండు విలువలూ మీరే కట్టి చూడండి, చదివి వదిలేయొద్దు.

బేయ్స్ థీరమ్‌ను మనుషుల్లోకి మార్చండి

ఫలితం చూశాక దాని కారణానికి ఎంత అవకాశమో చెప్పే బేయ్స్ థీరమ్ ఫార్ములా గుర్తుపెట్టుకోవడం కష్టమని అందరూ అంటారు. గుర్తుపెట్టుకోకండి. మొత్తం కథను 10,000 మంది మనుషుల మీదికి మార్చండి.

ఒక జబ్బు 100 మందిలో ఒకరికి ఉందనుకుందాం. జబ్బున్నవాళ్లలో 90 శాతం మందికి టెస్టు పాజిటివ్ వస్తుంది. లేనివాళ్లలో కూడా 5 శాతం మందికి పొరపాటున పాజిటివ్ వస్తుంది. మీకు పాజిటివ్ వచ్చింది. జబ్బు ఉండే అవకాశం ఎంత? 10,000 మందిని తీసుకుంటే జబ్బున్నవాళ్లు 100 మంది, వాళ్లలో పాజిటివ్ 90. జబ్బు లేనివాళ్లు 9,900 మంది, వాళ్లలో పాజిటివ్ 495. మొత్తం పాజిటివ్ వచ్చినవాళ్లు 585 మంది, అందులో నిజంగా జబ్బున్నవాళ్లు 90 మంది. అంటే 15 శాతానికి కాస్త పైన. 90 శాతం అని ముందే అనుకున్నవాళ్లు ఈ అంకె చూసి నమ్మరు. నమ్మకపోతే మంచిదే, ఒక్కో అంకె తిరిగి కట్టి చూస్తారు. పరీక్షలో జవాబు రాసేటప్పుడు ఇవే నాలుగు అంకెలను 10,000తో భాగించి ఫార్ములా రూపంలో పెట్టండి, పూర్తి మార్కులు వస్తాయి.

'జబ్బుంటే పాజిటివ్ వచ్చే అవకాశం', 'పాజిటివ్ వస్తే జబ్బుండే అవకాశం' ఒకటి కావు. ఈ రెండూ తారుమారైతే నష్టం మార్కులతో ఆగదు. ఇంగ్లండ్‌లో శాలీ క్లార్క్ అనే తల్లి ఇద్దరు పసిబిడ్డలు చనిపోతే ఆమే చంపిందని 1999లో శిక్ష వేశారు. విచారణలో ఒక డాక్టరు సాక్ష్యం చెప్పాడు: అలాంటి కుటుంబంలో కారణం తెలియకుండా పసిబిడ్డ చనిపోయే అవకాశం 8,543లో ఒకటి, ఇద్దరు చనిపోవాలంటే దాన్ని దానితోనే గుణించాలి, 7 కోట్ల 30 లక్షల్లో ఒకటి అని. అందులో రెండు తప్పులున్నాయి. ఒకే ఇంట్లో, ఒకే తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డల మరణాలు ఒకదానితో ఒకటి సంబంధం లేని (స్వతంత్ర) ఘటనలని ఎవరు చెప్పారు? వంశపారంపర్యంగా ఏదైనా ఉంటే మొదటి మరణం తర్వాత రెండోదానికి అవకాశం పెరుగుతుంది, అప్పుడు గుణకారం చెల్లదు. పైగా, నిర్దోషి ఇంట్లో ఇలా జరిగే అవకాశాన్ని తెచ్చి, ఇలా జరిగిన ఇంట్లో తల్లి నిర్దోషి అయ్యే అవకాశంగా చూపారు. 2001లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఈ అంకెకు ఆధారం లేదని బహిరంగంగా చెప్పింది. 2003లో శిక్ష రద్దయింది. స్వతంత్ర ఘటనల పాఠం చెప్పే రోజు నేను వేరే ఏ ఉదాహరణా తీసుకోను. గుణించే ముందు "వీటికి సంబంధం లేదని నాకెలా తెలుసు?" అని ఒక ముక్క రాయండి. ప్రశ్నలోనే ఇచ్చారా, ప్రయోగం తీరును బట్టి తెలిసిందా, లేక మీరే అనుకున్నారా?

పరస్పర వివర్జిత ఘటనలనూ స్వతంత్ర ఘటనలనూ కలిపేసేవాళ్లకు ఒక్క మాట. రెండూ ఒకేసారి జరగవంటే, ఒకటి జరిగిందని తెలియగానే రెండోదాని అవకాశం సున్నా అయిపోయింది. అంటే ఒకదాని కబురు రెండోదాన్ని పూర్తిగా మార్చేసింది. అంతకన్నా గట్టి సంబంధం ఏముంటుంది? కాబట్టి సున్నా కాని అవకాశం ఉన్న వివర్జిత ఘటనలు స్వతంత్రం కాలేవు.

చింతపిక్కలతో రాండమ్ వేరియబుల్

రాండమ్ వేరియబుల్ దగ్గర పిల్లల ముఖాలు వాడిపోతాయి. బోర్డు మీద పెద్ద ఎక్స్, చిన్న ఎక్స్ వచ్చేసరికి అదేదో కొత్త ఆల్జీబ్రా అనుకుంటారు. నేను ఆ రోజు క్లాసుకు చింతపిక్కలు తీసుకెళ్తాను.

మనవైపు అష్టాచెమ్మా ఆడటానికి నాలుగు గవ్వలు వేస్తారు, గవ్వలు లేకపోతే చింతపిక్కలను ఒకవైపు తెల్లగా అరగదీసి వాడతారు. నాలుగింటిలో ఎన్ని తెల్లగా పైకి పడితే అన్ని గళ్లు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగు గళ్లు. ఒక్కటీ పడకపోతే అష్టా, ఎనిమిది గళ్లు. పైకి పడ్డ తెల్ల పిక్కల సంఖ్యే మీ రాండమ్ వేరియబుల్. పిక్కలు వేయకముందు అది ఏ అంకో తెలియదు, 0 నుంచి 4 వరకు ఏదైనా కావచ్చు: అది పెద్ద ఎక్స్. వేశాక నేల మీద కనిపించే అంకె చిన్న ఎక్స్.

ఇంట్లో నాలుగు పిక్కలు అరగదీసి వందసార్లు వేసి రాసుకోండి. తెలుపు, నలుపు చెరిసగం పడతాయనుకుంటే అష్టాకూ చెమ్మాకూ చెరో 1/16 రావాలి. మీ పిక్కలతో అలా రాదని నా అనుభవం, ఎందుకంటే అరగదీసిన వైపు చదునుగా ఉంటుంది, రెండో వైపు గుండ్రంగా ఉంటుంది. ఒక పిక్క తెల్లగా పడే అవకాశం 0.6 అనుకుని బైనామియల్ వేయండి. ఒక్కటీ పడకపోవడం 0.0256, ఒకటి 0.1536, రెండు 0.3456, మూడు 0.3456, నాలుగు 0.1296. చెమ్మా కన్నా అష్టా పడటం ఐదు రెట్లు అరుదు! అష్టాకు ఎనిమిది గళ్లు ఎందుకిచ్చారో పెద్దవాళ్లను అడగక్కర్లేదు, ఈ పట్టిక చూస్తే చాలు అనిపిస్తుంది నాకు.

ఇక్కడే ఎక్స్‌పెక్టేషన్ కూడా నేర్చుకోవచ్చు. తెల్ల పిక్కల సంఖ్య సగటు 4 × 0.6 = 2.4. మరి ఒక పందేనికి, అంటే ఒకసారి పిక్కలు వేసినందుకు, నడిచే గళ్ల సగటు? అదీ 2.4 అనుకుంటే పొరపాటు, ఎందుకంటే సున్నా తెలుపుకు గళ్లు ఎనిమిది. ఒక్కో ఫలితానికి వచ్చే గళ్లను దాని అవకాశంతో గుణించి కూడండి: 0.1536 + 0.6912 + 1.0368 + 0.5184 + 0.2048. మొత్తం 2.6048. పుస్తకంలో 'రాండమ్ వేరియబుల్ ఫంక్షన్‌కు ఎక్స్‌పెక్టేషన్' అని కనిపించేది ఇదే. 2.6048 గళ్లు ఏ పందెంలోనూ పడవని కొందరు పేచీ పెడతారు. నిజమే, సగటు ఒక పందెం గురించి చెప్పదు, చాలా పందేల మీద ఒక్కో పందేనికి ఎంత వస్తుందో చెబుతుంది. వేరియన్స్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కూడా ఇదే పట్టిక నుంచి కట్టండి. తెల్ల పిక్కల సంఖ్యకు అది 4 × 0.6 × 0.4 = 0.96 రావాలి. రాకపోతే కూడికలో ఎక్కడో జారారు.

డిస్ట్రిబ్యూషన్లు: ఒక్కోదానికి ఒక పేజీ

ఒక నోటుబుక్కు దీనికే పెట్టుకోండి. ప్రతి డిస్ట్రిబ్యూషన్‌కూ ఒక పేజీ. పైన దాని కథ రెండు వాక్యాల్లో, తర్వాత అది తీసుకోగల విలువలు, సగటు, వేరియన్స్, వాటిని కట్టే పద్ధతి, చివర అది ఎప్పుడు వాడకూడదో. ఆఖరి వరస రాయనివాళ్లు పరీక్షలో అన్నిటికీ బైనామియల్ వేసేస్తారు. ప్రయత్నాల సంఖ్య ముందే తెలిసి, ప్రతిసారీ అవకాశం మారకుండా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉంటేనే బైనామియల్. తిరిగి పెట్టకుండా తీస్తే హైపర్‌జియోమెట్రిక్. మొదటి గెలుపు వచ్చేదాకా ఆగితే జియోమెట్రిక్.

పాయిజాన్ పేజీలో ఈ కథ రాసుకోండి. 1898లో లాడిస్లాస్ బోర్ట్‌కీవిచ్ అనే ఆయన ప్రష్యా అశ్వికదళంలో గుర్రం తన్ని చనిపోయిన సైనికుల లెక్కలు ప్రచురించాడు. 10 దళాలు, 20 ఏళ్లు, మొత్తం 200 నివేదికలు. ఒక్క మరణమూ లేనివి 109, ఒకటి ఉన్నవి 65, రెండు 22, మూడు 3, నాలుగు 1. మొత్తం మరణాలు 122, కాబట్టి సగటు 0.61. ఆ ఒక్క అంకెను పాయిజాన్ ఫార్ములాలో వేసి 200తో గుణిస్తే వరసగా 108.7, 66.3, 20.2, 4.1, 0.6 వస్తాయి. పక్కపక్కన పెట్టి చూడండి! ఏ గుర్రం ఎప్పుడు తంతుందో ఎవరికీ తెలియదు, ఆ 200 నివేదికల రూపం మాత్రం ఇంత దగ్గరగా తెలుస్తోంది. ఈ సబ్జెక్టు మీద నాకు ప్రేమ కలిగింది ఈ పట్టిక దగ్గరే. ఇంకో పని చేయండి. అదే పట్టిక నుంచి వేరియన్స్ కట్టండి. 0.608 వస్తుంది. పాయిజాన్‌లో సగటు, వేరియన్స్ సమానమని బట్టీ పట్టిన వాక్యం అప్పుడు కళ్ల ముందు కనిపిస్తుంది.

ఎక్స్‌పొనెన్షియల్ గురించి క్లుప్తంగా: పాయిజాన్ ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెడితే, ఇది తర్వాతిది జరగడానికి ఎంతసేపు పడుతుందో కొలుస్తుంది. రెండు పేజీలను ఎదురెదురుగా పెట్టుకోండి.

గంట ఆకారంలో ఉండే నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లో మార్కులు పోయేది ఎక్కువగా పట్టిక దగ్గర. టేబుల్స్ రెండు రకాలుగా దొరుకుతాయి. 1.96 ఎదురుగా ఒకదాంట్లో 0.4750 ఉంటుంది, ఇంకోదాంట్లో 0.9750. మొదటిది సున్నా నుంచి కొలిచిన వైశాల్యం, రెండోది ఎడమ చివర నుంచి కొలిచింది. మీ పరీక్ష హాల్లో ఏది ఇస్తారో ముందే అడిగి, ఇంట్లో అదే వాడండి. ప్రతి లెక్కకూ గంట ఆకారం గీసి, అడిగిన భాగానికి పెన్సిలుతో గీతలు కొట్టండి. నీడ పడిన భాగం సగం కన్నా ఎక్కువుంటే జవాబు 0.5 దాటాలి. బొమ్మ గీసినవాళ్లు ఈ తప్పు చేయరు.

రెండు వేరియబుల్స్ కలిసినప్పుడు

జాయింట్ డిస్ట్రిబ్యూషన్ అంటే టెన్షన్ పడనివాళ్లు తక్కువ. ఇక్కడ నా సలహా ఒకటే. ఇంటిగ్రల్ గుర్తు వేయకముందే ప్రాంతం గీయండి. ఉదాహరణకు ఎక్స్, వై రెండూ 0కీ 1కీ మధ్య, ఎక్స్ ఎప్పుడూ వై కన్నా తక్కువ, అక్కడంతా డెన్సిటీ (అవకాశం ఎంత చిక్కగా పరుచుకుందో చెప్పే కొలత) ఒకేలా ఉంది. గీస్తే అది త్రిభుజం, వైశాల్యం సగం, మొత్తం అవకాశం 1 కావాలి కాబట్టి డెన్సిటీ 2. రెండిటి మొత్తం 1 కన్నా తక్కువ ఉండే అవకాశం అడిగారు. ఆ గీత కూడా గీయండి. కింద మిగిలిన ముక్క వైశాల్యం పావు, దాన్ని 2తో గుణిస్తే సగం. ఒక్క ఇంటిగ్రేషన్ లేకుండా జవాబు వచ్చింది. అవి స్వతంత్రమా కాదా అన్నది కూడా బొమ్మే చెబుతుంది. ప్రాంతం త్రిభుజమైతే, వై విలువ తెలియగానే ఎక్స్ ఎంతవరకు వెళ్లగలదో మారిపోతుంది. కాబట్టి స్వతంత్రం కాదు. డెన్సిటీ ఒకేలా లేనప్పుడు డబుల్ ఇంటిగ్రల్ తప్పదు, అప్పుడు కూడా లిమిట్స్ ఈ బొమ్మ నుంచే వస్తాయి.

కంప్యూటర్‌తో సరిచూసుకోవడం

ప్రోగ్రామింగ్ రాకపోయినా ఎక్సెల్‌లో గానీ గూగుల్ షీట్స్‌లో గానీ రాండ్ అనే ఫంక్షన్ ఉంటుంది. అది 0కీ 1కీ మధ్య ఏదో ఒక సంఖ్య ఇస్తుంది. ఒక వరసలో అలాంటివి 12 కూడి 6 తీసేయండి. కిందికి వెయ్యి వరసలు లాగి, వచ్చిన వెయ్యి అంకెలకు హిస్టోగ్రామ్ వేయండి. గంట ఆకారం వస్తుంది. ఒక్కోదాని వేరియన్స్ 1/12, అలాంటివి 12 కాబట్టి మొత్తం వేరియన్స్ 1, సగటు 0. బల్లపరుపుగా ఉన్న సంఖ్యలను కూడితే గంట రావడమే సెంట్రల్ లిమిట్ థీరమ్. దాని నిరూపణ మొదటి కోర్సులో పూర్తిగా అర్థం కాకపోయినా దిగులు పడకండి, అది ఏం చెబుతోందో చేతులతో చూశారు కదా. పైథాన్ వచ్చినవాళ్లు పై బంతుల లెక్క, పాచికల లెక్క కూడా లక్షసార్లు నడిపి, కాగితం మీద వచ్చిన జవాబుతో పోల్చుకోండి.

సెమిస్టర్ చివరికి ఎస్టిమేషన్ (శాంపిల్ నుంచి తెలియని విలువను అంచనా కట్టడం) వస్తే, అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే ఫలితానికి క్రామర్-రావ్ అనే పేరు కనిపిస్తుంది. ఆ రావు గారు కల్యంపూడి రాధాకృష్ణారావు. మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల్లో ఎంఏ చేసి, 1941లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, 1945లో ఆ ఫలితాన్ని ప్రచురించారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. నూట రెండేళ్ల వయసులో, 2023లో ఆయనకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు. విశాఖపట్నం బస్సు ఎక్కి పీజీకి వెళ్లే మా పిల్లలకు ఇది తప్పకుండా చెబుతాను.

వారం వారం, పరీక్షకు ముందు

రోజూ గంట కూర్చోవడం ఆదివారం ఆరు గంటలు కూర్చోవడం కన్నా నయం. ప్రాబబిలిటీ లెక్క ఒకటి రాత్రి రాకపోతే వదిలేసి పడుకోండి, పొద్దున మళ్లీ నాలుగు వాక్యాలు మొదటి నుంచి రాయండి. జవాబు చూసి "ఓహో ఇంతేనా" అనుకున్న లెక్క వచ్చినట్టు కాదు. పుస్తకం మూసి, అంకెలు మార్చి, మళ్లీ చేస్తేనే వచ్చినట్టు. ఇద్దరు ముగ్గురు కలిసి చదివితే ఒకరు ప్రశ్న చదివి ఇంకొకరికి తెలుగులో కథలా చెప్పాలి. చెప్పలేకపోతే ప్రశ్న అర్థం కాలేదని అక్కడే తేలిపోతుంది. ఎన్‌పీటెల్ అనే వెబ్‌సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి, కాకపోతే పెన్ను లేకుండా వీడియో చూడకండి.

జవాబు వచ్చాక ఒక్క నిమిషం దాన్ని ప్రశ్నించండి. 0 నుంచి 1 మధ్య ఉందా? అవకాశాలన్నీ కూడితే 1 వస్తోందా? వేరియన్స్ మైనస్ వచ్చిందంటే ఎక్కడో వర్గం మరిచారు. ఎర్ర బంతులు ఒకటి పెంచితే ఎర్రది వచ్చే అవకాశం పెరగాలి, మీ సూత్రంలో పెరుగుతోందా? పెద్ద ప్రశ్నల్లో 'ఎక్స్ అంటే ఇది' అని మొదటి లైనులోనే రాయండి. చివర్లో కూడిక తప్పినా దిద్దేవాళ్లకు మీ ఆలోచన కనిపిస్తుంది, స్టెప్ మార్కులు పడతాయి. పేపర్లు దిద్దుతాను కాబట్టి ఇది గట్టిగా చెప్పగలను.

మొదటి మిడ్ పాడైనవాళ్లు పుస్తకం మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టకండి, టైం సరిపోదు. కండిషనల్ ప్రాబబిలిటీతో మొదలుపెట్టి బంతుల లెక్కలు పది చేయండి. తర్వాత బేయ్స్ 10,000 మందితో ఐదు. అక్కడి నుంచి నేరుగా రాండమ్ వేరియబుల్ పట్టికలకు, ఎక్స్‌పెక్టేషన్‌కు వెళ్లండి. ఆపైన బైనామియల్, పాయిజాన్, నార్మల్. సంయోగాల్లో మరీ చిక్కుగా ఉండే లెక్కలు ఆఖరికి వదిలేసినా నష్టం తక్కువ, ఎందుకంటే తర్వాతి యూనిట్లు వాటి మీద ఆధారపడవు. జాయింట్ డిస్ట్రిబ్యూషన్ మాత్రం వదలకండి. రెండు వేరియబుల్స్ మధ్య సంబంధాన్ని కొలిచే కోవేరియన్స్, కోరిలేషన్ అక్కడి నుంచే వస్తాయి, రిగ్రెషన్ పాఠం వాటి మీదే నడుస్తుంది.